సొంత అంగడా, ఇంటి ఆర్డర్లా, పక్కవాళ్ళ అంగడా: చిరుతిళ్ళ వ్యాపారం మొదలుపెట్టడానికి ఏది మేలు?

నిప్పట్లు, చెనిక్కాయల పొడి, ఊరగాయలు బ్రహ్మాండంగా చేస్తారని పేరుండి, అమ్మకానికి మాత్రం దిగని వాళ్ళు తిరుపతిలోనూ చిత్తూరులోనూ ఏ వీధిలో చూసినా ఉంటారు. పైకి చెప్పే కారణాలు దాదాపు ఒకటే. ఆషాఢం పోనీ, పిల్లల పరీక్షలు అయిపోనీ, బ్రహ్మోత్సవాలు దాటనీ. లోపల ఉండేది భయం. నలుగురూ ఏమనుకుంటారో, పెట్టిన డబ్బు పోతే ఎట్లా, అసలు నా చేతివంటను డబ్బిచ్చి కొనేదెవరు? కూర్చుని ఆలోచించేకొద్దీ ఈ భయం పెరుగుతుంది. ముక్కూమొహం తెలియని మనిషి కొనుక్కుపోయి, మళ్ళీ వచ్చి అడిగిననాడు తగ్గుతుంది. అందుకే ఏ దారి మేలని ఎవరైనా అడిగితే నేను రెండే చూస్తాను. అలాంటి మనిషి ఎంత త్వరగా దొరుకుతాడు? లెక్క తప్పితే చేతిలోంచి ఎంత పోతుంది?

ముందు సొంత అంగడి సంగతి. చాలామంది కల ఇదే, వాయిదాకు మూలం కూడా ఇదే. మంచి సెంటరు దొరకాలి, అడ్వాన్సు కట్టాలి, బోర్డు, అరలు, కాటా, అన్నీ అయితేగానీ మొదటి ప్యాకెట్టు అమ్మలేం. 2015లో వచ్చిన ముద్ర పథకంలో తాకట్టు లేకుండా లోను ఇస్తారు. శిశు కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా. అంగడి అనగానే అందరి చూపూ ఆ 5 లక్షల మీద పడుతుంది. 12 శాతం వడ్డీకి ఐదేళ్ళ గడువు అనుకుంటే నెల కంతు సుమారు 11,120 రూపాయలు. అద్దె 12 వేలు అనుకోండి. ప్యాకెట్టుకు 20 రూపాయలు మిగిలితే, ఈ రెంటికే రోజుకు దాదాపు 39 ప్యాకెట్లు అమ్మాలి. కరెంటు బిల్లు, ఇంటిఖర్చు ఆ తర్వాతి మాట. తన మీద తనకే నమ్మకం కుదరని మనిషికి మొదటి నెలలోనే ఇంత బరువు ఎత్తితే ఏమవుతుంది? వారం రోజులు బేరం మందగించినా "నేను ముందే అనుకున్నాను, ఇది నా వల్ల కాదు" అనేస్తారు.

కొండకు రోజూ వేలల్లో జనం వస్తారు కదా, బస్టాండు దగ్గర పెడితే ఆడదా అంటారు. జనం వస్తారు, నిజమే. కానీ యాత్రికుడు ఒక్కసారి కొని ఊరికెళ్ళిపోతాడు. మీ పొడి బాగుందో లేదో మీకు చెప్పడానికి మళ్ళీ రాడు. మొదలుపెట్టేవాళ్ళకు కావలసింది వారం వారం కొనేవాళ్ళు. పైగా అక్కడి అద్దెలకు తట్టుకోవాలి.

అలాగని అంగడి ఎప్పుడూ తప్పని కాదు. జిరాక్సుకైనా, టిఫినుకైనా చోటే ప్రాణం. అవి ఇంట్లో కూర్చుని పరీక్షించి చూసుకునే వ్యాపారాలు కావు. నేను చెబుతున్నది వారాల తరబడి నిలవుండే తిండి సరుకు గురించి.

శిక్షణ సంగతి రెండు మాటల్లో. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు భోజనం, వసతి పెట్టి ఉచితంగా నేర్పిస్తాయి. మంచి అవకాశం, ఒకసారి వెళ్ళిరండి. రెండో కోర్సు, మూడో కోర్సు అంటూ తిరుగుతుంటే మాత్రం అదీ వాయిదానే.

ఇక ఇంటి నుంచి ఆర్డర్లు. పెట్టుబడి దాదాపు ఉండదు, ఈరోజే మొదలుపెట్టొచ్చు, అందుకే ఎక్కువమంది ఇదే మేలంటారు. నాకు మాత్రం పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. వాట్సాప్‌లో స్టేటస్ పెడితే మొదట అడిగేది వదినలు, పిన్నమ్మలు, ఎదురింటివాళ్ళు. "ఎంత బాగున్నాయమ్మా" అంటారు. రుచికి అన్నారా, మొహమాటానికి అన్నారా తెలియదు. అనుమానం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. డబ్బు రేపిస్తామంటారు, అడగలేం. మనవాళ్ళ దగ్గర లాభమేమిటని సరుకు ఖరీదుకే ఇచ్చేస్తాం. నిప్పట్ల ఖర్చు రాసుకునేటప్పుడు బియ్యప్పిండి, నూనె, చెనిక్కాయలు, కారం రాస్తారు. గ్యాసు, కవర్లు, ఆటో చార్జీ, విరిగిపోయినవి, మూడు గంటలు పొయ్యి ముందు నిలబడ్డ కష్టం ఎవరూ రాయరు. ఆర్నెల్ల తర్వాత ఏమీ మిగల్లేదని మానేస్తారు. లోపం వంటలో లేదు, వ్యాపారంలోనూ లేదు, లెక్కలో ఉంది.

మూడో దారి, నాకు అన్నిటికన్నా నచ్చేది, ఇంట్లో చేసి వేరేవాళ్ళ అంగట్లో పెట్టడం. తిరుపతిలో 1954 నుంచి వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. హాస్టలు పిల్లలకు ఊరగాయ, పొడి ఎప్పుడూ కావాల్సిందే. ఆ చుట్టుపక్కల చిన్న అంగడికి వెళ్ళి, "అన్నా, పది ప్యాకెట్లు పెట్టిపోతాను. అమ్మినవాటికే డబ్బులివ్వండి, మిగిలినవి శనివారం నేనే తీసుకుపోతాను" అని అడగండి. ఆయన కమిషన్ ముందే మాట్లాడుకోండి. కాదంటే పక్క అంగడికి వెళ్ళడమే. కాదనిపించుకోవడం కష్టంగానే ఉంటుంది, కానీ దానివల్ల రూపాయి కూడా పోదు.

శనివారం తిరిగొచ్చిన ప్యాకెట్లు చుట్టాలు చెప్పని నిజం చెబుతాయి. నిప్పట్లు మెత్తబడ్డాయంటే పూర్తిగా ఆరకముందే సీలు వేసి ఉంటారు, లోపలి ఆవిరికి మెత్తబడతాయి. నూనె కంపు కొడుతుంటే వాడిన నూనే మళ్ళీ వాడారేమో, ప్యాకెట్లు ఎండ తగిలేచోట వేలాడదీశారేమో చూసుకోండి. పదింట్లో ఆరు తిరిగొస్తే మనసు చివుక్కుమంటుంది. అప్పుడు మిగతా నాలుగింటినీ తలుచుకోండి. కొన్న ఆ నలుగురూ మీకు ఏమీ కారు, మొహమాటానికి కొనలేదు.

దీనికి ముందు ఒక పని తప్పదు. తిండి సరుకు అమ్మాలంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి. ఇంట్లో చేసేవాళ్ళకూ ఇది వర్తిస్తుంది. లేబులు మీద సరుకు పేరు, వేసిన పదార్థాలు, బరువు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అది చేతికి వచ్చేలోపు అంగళ్ళు చూసి మాట్లాడుకోవచ్చు. చిన్న వ్యాపారాలను కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకునే ఉద్యం రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, మధ్యవర్తులకు డబ్బివ్వకండి. డబ్బు చాలకపోతే డ్వాక్రా గ్రూపులో అడగండి. రోజువారీ ఫైనాన్సు జోలికి మాత్రం దయచేసి పోవద్దు.

ముహూర్తం చూసుకోవాలని ఇంట్లో పెద్దవాళ్ళంటే చూసుకోండి, అయితే ఈ నెలలోదే చూడమనండి. వరుసగా మూడు నెలలు రెండు మూడు అంగళ్ళవాళ్ళు తమంతట తామే ఫోన్ చేసి సరుకు అడిగితే, అప్పుడు శిశు లోనుకు వెళ్ళొచ్చు. 50 వేలకు 12 శాతం వడ్డీతో మూడేళ్ళ గడువంటే నెలకు సుమారు 1,660 రూపాయలు. అదే 20 రూపాయల లెక్కన 83 ప్యాకెట్లు, రోజుకు మూడు కూడా కావు.