ఎన్‌విడిఏ స్పెల్లింగ్ హెచ్చరికలు: రాసేటప్పుడు మోగాలి, చదివించుకునేటప్పుడు ఊరుకోవాలి

ఎన్‌విడిఏ అంటే కంప్యూటర్ తెర మీది రాతను చూపులేనివాళ్ళకు చదివి వినిపించే ప్రోగ్రాము, అంటే స్క్రీన్ రీడర్. మెయిల్‌కి జవాబు రాసి, పంపేముందు మొత్తం ఒకసారి విందామని ఎన్‌విడిఏ కీతో (మామూలుగా ఇన్సర్ట్) కింది బాణం నొక్కుతాం. "డియర్ స్పెల్లింగ్ ఎర్రర్ వెంకటేశ్వర్లు స్పెల్లింగ్ ఎర్రర్ గారు, ది మీటింగ్ ఎట్ స్పెల్లింగ్ ఎర్రర్ నల్లకుంట..." అని మొదలవుతుంది. నాలుగు వాక్యాల మెయిల్‌లో ఎనిమిది సార్లు ఆ మాటే. అందులో నిజమైన తప్పు ఒకటుంటే, మిగతావన్నీ మన పేర్లు, మన ఊళ్ళు. విసుగెత్తి చాలామంది చేసే పని సెట్టింగ్స్‌లోకి వెళ్ళి దాన్ని పూర్తిగా ఆపేయడం. అలా ఆపితే పోయేది ఆ గోల ఒక్కటే కాదు, టైపు చేస్తున్నప్పుడు తప్పు పట్టిచ్చే బజ్జర్ శబ్దం కూడా. ఎన్‌విడిఏలో రెండూ ముడిపడి ఉన్నాయి. ఈ హెచ్చరికల ఏర్పాటులో పెద్ద లోపం అదే. దానికి మంచి విరుగుడు కూడా ఎన్‌విడిఏలోనే ఉంది, కానీ అది ఉన్న చోటు ఎవరికీ తోచదు.

ముందు ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. స్క్రీన్ రీడర్ స్పెల్లింగ్ చూడదు. దాని దగ్గర నిఘంటువు లేదు. ఔట్‌లుక్ గానీ, థండర్‌బర్డ్ గానీ, జీమెయిల్ తెరిచిన బ్రౌజర్ గానీ ఒక పదం కింద ఎర్ర గీత గీస్తే, ఆ గీత ఉన్నట్టు చెవికి చెప్పడమే దాని పని. అందుకే ఒకే మెయిల్ ఔట్‌లుక్‌లో ఒకలా, క్రోమ్‌లో ఇంకోలా వినిపిస్తుంది. ఎర్ర గీత అసలు లేని చోట ఎన్‌విడిఏలో ఏ మీట తిప్పినా ఫలితం ఉండదు. మార్చుకోవాల్సిన చోట్లు మూడు: గీత గీసే ప్రోగ్రాము, చదివేటప్పుడు చెప్పే తీరు, టైపు చేసేటప్పుడు మోగే తీరు.

ఎన్‌విడిఏ కీ, కంట్రోల్, డి కలిపి నొక్కితే డాక్యుమెంట్ ఫార్మాటింగ్ సెట్టింగులు తెరుచుకుంటాయి. అందులో కామెంట్లు, బుక్‌మార్కుల వంటివాటి పక్కనే స్పెల్లింగ్ ఎర్రర్స్ ఉంటుంది. ఇది మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది, ఉంచాల్సింది కూడా అలాగే. బాణాలతో గీత ఉన్న పదం మీదికి వెళ్ళినప్పుడు "స్పెల్లింగ్ ఎర్రర్" అనడానికి కారణం ఇదే. అక్షరం అక్షరంగా, పదం పదంగా కదిలేటప్పుడు ఆ పదం దాటాక "అవుట్ ఆఫ్ స్పెల్లింగ్ ఎర్రర్" అని కూడా అంటుంది. రాయడానికి వర్డ్ ఇంజన్ వాడే చోట (ఉదాహరణకు పాత, అంటే క్లాసిక్, ఔట్‌లుక్‌లో) గ్రామర్ తప్పులూ ఈ ఒక్క ఎంపిక కిందికే వస్తాయి, వాటిని విడిగా ఆపే వీలు లేదు. అదే పేజీలో కర్సర్ తర్వాత వచ్చే ఫార్మాటింగ్ మార్పులు చెప్పాలా అన్న ఎంపిక ఒకటుంది. తప్పులు ఇంకా బాగా దొరుకుతాయేమోనని దాన్ని పెట్టేస్తే పొడవాటి మెయిల్‌లో కర్సర్ బరువెక్కిపోతుంది. మెయిల్ పనికి దాని అవసరం లేదు.

టైపింగ్ శబ్దం ఇంకో చోట ఉంది. ఎన్‌విడిఏ కీ, కంట్రోల్, కె నొక్కితే కీబోర్డ్ సెట్టింగులు వస్తాయి. అక్కడ "ప్లే సౌండ్ ఫర్ స్పెల్లింగ్ ఎర్రర్స్ వైల్ టైపింగ్" అన్న చెక్‌బాక్స్ కనిపిస్తుంది. డాక్యుమెంట్ ఫార్మాటింగ్‌లో స్పెల్లింగ్ ఎర్రర్స్ ఆపేసి ఉంటే ఈ చెక్‌బాక్స్ పనికిరాదు. "బజ్జర్ మోగడం లేదు" అన్న ఫిర్యాదు ఎక్కడ విన్నా మొదట చూడాల్సింది ఇదే.

ఇక విరుగుడు. ఎన్‌విడిఏలో కాన్ఫిగరేషన్ ప్రొఫైల్స్ అన్న ఏర్పాటు ఉంది. ఫలానా ప్రోగ్రాములో ఉన్నప్పుడు ఫలానా సెట్టింగులు వాడమని చెప్పడానికే దాన్ని ఎక్కువమంది వాడతారు. దానిలోనే "సే ఆల్" అన్న ట్రిగ్గర్ కూడా ఉంది. అంటే ఆపకుండా మొత్తం చదివించుకునేటప్పుడు మాత్రమే అమల్లోకి వచ్చే ప్రొఫైల్. ఆ ప్రొఫైల్‌లో స్పెల్లింగ్ ఎర్రర్స్ తీసేస్తే సరి. మెయిల్ మొత్తం వింటున్నప్పుడు వాక్యం వాక్యంలాగే వినిపిస్తుంది. ఆపి, బాణంతో ఒక వరుస మీదికి వెళ్ళగానే హెచ్చరిక తిరిగొస్తుంది. బజ్జర్ ఎక్కడికీ పోదు.

చేసే పద్ధతి ఇది. ఎన్‌విడిఏ కీ, కంట్రోల్, పి నొక్కి ప్రొఫైల్స్ కిటికీ తెరవాలి. న్యూ బటన్ నొక్కి, పేరు పెట్టి, వాడకం దగ్గర సే ఆల్ ఎంచుకోవాలి. ఓకే అనగానే, ఈ ప్రొఫైల్‌ను మార్చాలంటే చేత్తో యాక్టివేట్ చేయాలి, ఇప్పుడే చేయమంటారా అని అడుగుతుంది. అవునని చెప్పి, డాక్యుమెంట్ ఫార్మాటింగ్‌లోకి వెళ్ళి స్పెల్లింగ్ ఎర్రర్స్ తీసేసి, ఓకే నొక్కాలి. తర్వాత మళ్ళీ ప్రొఫైల్స్ కిటికీకి వచ్చి, అదే ప్రొఫైల్ మీద ఉండి, మాన్యువల్ డీయాక్టివేట్ నొక్కాలి. చివర్లో ఎన్‌విడిఏ కీ, కంట్రోల్, సితో సేవ్ చేయాలి.

డీయాక్టివేట్ చేయడం మర్చిపోవడం దగ్గరే ఎక్కువమందికి దెబ్బ తగులుతుంది. మర్చిపోతే ఆ ప్రొఫైల్ అన్ని చోట్లా అమల్లో ఉండిపోయి, హెచ్చరికలు పూర్తిగా ఆగిపోయినట్టు అనిపిస్తుంది. ఏదైనా సెట్టింగ్ మార్చేముందు ఎన్‌విడిఏ కీ, టి నొక్కి కిటికీ శీర్షిక వినడం అలవాటు చేసుకోవాలి. ఏ ప్రొఫైల్‌ను మారుస్తున్నామో దాని పేరు శీర్షిక చివర వినిపిస్తుంది.

ప్రోగ్రామును బట్టి ప్రొఫైల్ పెట్టుకోవాలనుకుంటే, ముందు ఆ ప్రోగ్రాములో ఉండి, అప్పుడు ప్రొఫైల్స్ కిటికీ తెరవాలి. "కరెంట్ అప్లికేషన్" అన్నది మనం ఏ కిటికీ నుంచి వచ్చామో దాన్నే పట్టుకుంటుంది. పాత ఔట్‌లుక్‌కీ కొత్త ఔట్‌లుక్‌కీ ప్రోగ్రాము ఫైలు (ఎగ్జిక్యూటబుల్) పేర్లు వేరు, కాబట్టి పాతదానికి పెట్టిన ప్రొఫైల్ కొత్తదానిలో పనిచేయదు. మళ్ళీ చేసుకోవాలి. జీమెయిల్ సంగతి ఇంకా ఇబ్బంది. ప్రొఫైల్ క్రోమ్ మొత్తానికి వర్తిస్తుంది గానీ ఒక్క జీమెయిల్‌కే పెట్టుకునే వీలు లేదు.

తరచూ ఆన్, ఆఫ్ చేసేవాళ్ళు ఎన్‌విడిఏ మెనూ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ జెస్చర్స్ తెరిచి, డాక్యుమెంట్ ఫార్మాటింగ్ విభాగంలో స్పెల్లింగ్ ఎర్రర్స్ మార్చే ఆదేశానికి ఒక కీ ఇచ్చుకోవచ్చు. మొదట దానికి ఏ కీ ఉండదు. ఇచ్చే కీ ఔట్‌లుక్ షార్ట్‌కట్ కాకుండా చూసుకోవాలి.

బజ్జర్ గురించి ఇంకొంచెం. పదం పూర్తి చేసి స్పేస్ కొట్టాకే అది మోగుతుంది. ప్రోగ్రాము గీత గీయడం ఆలస్యమైతే ఆ ఒక్కసారికి శబ్దం తప్పిపోవచ్చు. కాబట్టి మోగలేదంటే తప్పు లేదని అనుకోకూడదు. ఎన్‌విడిఏ కీ, 3తో పదాల ఉచ్చారణ ఆపి, బజ్జర్ మీదే ఆధారపడి టైపు చేస్తే వేగం నిజంగా పెరుగుతుంది. అక్షరాల ఉచ్చారణకు ఎన్‌విడిఏ కీ, 2. శబ్దం గట్టిగా ఉందనిపిస్తే దాన్ని ఆపక్కర్లేదు. ఆడియో సెట్టింగుల్లో ఎన్‌విడిఏ శబ్దాల వాల్యూమ్‌ను గొంతు వాల్యూమ్ నుంచి విడదీసి తగ్గించుకోవచ్చు. హెడ్‌ఫోన్స్‌తో రోజంతా మెయిళ్ళు చూసేవాళ్ళకు ఈ సర్దుబాటు చాలా అవసరం.

ఇప్పుడు గోల పుట్టే చోటికి, పాత ఔట్‌లుక్‌కి వద్దాం. ఫైల్, ఆప్షన్స్, మెయిల్‌లో రెండు చెక్‌బాక్సులు ఉన్నాయి. పంపేముందు ప్రతిసారీ స్పెల్లింగ్ చూడు అన్నది ఒకటి, జవాబులో పాత మెయిల్ భాగాన్ని వదిలెయ్ అన్నది రెండోది. రెండోది పెట్టి ఉండాలి. అది తీసేసి ఉంటే, స్పెల్లింగ్ తనిఖీ అవతలివాళ్ళు రాసిన తప్పుల్లోకి కూడా లాక్కెళుతుంది. అక్కడే ఉన్న స్పెల్లింగ్ అండ్ ఆటోకరెక్ట్ బటన్ నొక్కితే ప్రూఫింగ్ పేజీ వస్తుంది. పెద్దక్షరాల పదాలు, అంకెలున్న పదాలు, ఇంటర్నెట్ చిరునామాలు వదిలేయమనే ఎంపికలు అందులో ఉంటాయి. జీఎస్‌టీ నంబర్లు, ఫైలు నంబర్లు నిండిన ఆఫీసు మెయిళ్ళకు అవి మూడూ పెట్టుకోవాలి.

మన పేర్ల బాధకు అసలు మందు కస్టమ్ డిక్షనరీ. ఆ ప్రూఫింగ్ పేజీలోనే కస్టమ్ డిక్షనరీస్, ఆ తర్వాత ఎడిట్ వర్డ్ లిస్ట్ తెరిచి, రోజూ రాసే పేర్లు, ఊళ్ళు, సంతకంలో ఉండే పదాలు ఒక్కసారిగా ఎక్కించేయాలి. ఒక పూట కూర్చుని యాభై అరవై పదాలు ఎక్కిస్తే, ఆ తర్వాత వినిపించే ప్రతి "స్పెల్లింగ్ ఎర్రర్" వినదగ్గదే అవుతుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉండాలి. తొందరలో తప్పు పదాన్ని నిఘంటువులో కలిపేస్తే అది ఇక ఎప్పటికీ పట్టుబడదు. చూపున్నవాళ్ళకు అది ఎప్పుడో ఒకప్పుడు కంటికి తగులుతుంది. చెవికి "రిసీవ్" ఎలా రాసినా రిసీవ్‌లాగే వినబడే అవకాశం ఎక్కువ. కలిపేముందు ఆ పదాన్ని అక్షరాలుగా వినాలి. నమ్‌ప్యాడ్ 5ను రెండుసార్లు నొక్కితే పదం విడివిడి అక్షరాలుగా వస్తుంది.

క్రోమ్‌లో జీమెయిల్ వాడేవాళ్ళకు రెండు పొరలు. బ్రౌజర్ స్పెల్‌చెక్ ఒకటి. జీమెయిల్ సెట్టింగుల జనరల్ పేజీలో స్పెల్లింగ్ సూచనలు, గ్రామర్ సూచనలు, ఆటోకరెక్ట్ అన్నవి ఇంకొకటి. స్క్రీన్ రీడర్‌తో రాసేవాళ్ళు ఆటోకరెక్ట్ ఆపేయడం మేలు. మనకు తెలియకుండా పదం మారిపోతే, మారిన పదం నిఘంటువులో ఉన్నదే కాబట్టి ఏ హెచ్చరికా రాదు. "రావు" అన్న ఇంటిపేరు ఇంకేదో అయిపోయి అవతలికి చేరుతుంది. తప్పు పదం మీద షిఫ్ట్, ఎఫ్10 నొక్కితే సూచనలు, నిఘంటువులో కలిపే ఎంపిక వస్తాయి. క్రోమ్ సెట్టింగుల్లో భాషల దగ్గర అమెరికన్ ఇంగ్లిష్ ఉంటే మనం రాసే "కలర్" స్పెల్లింగ్ కూడా తప్పవుతుంది. బ్రిటిష్ ఇంగ్లిష్‌కి మార్చుకోవాలి. థండర్‌బర్డ్‌లో అయితే సెట్టింగ్స్, కంపోజిషన్, స్పెల్లింగ్ దగ్గర అన్నీ ఒకే చోట ఉండి, స్క్రీన్ రీడర్‌కు తేలిగ్గా అందుతాయి.

తెలుగుతో పరిస్థితి వేరు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాస్తే ప్రతి పదమూ మోగుతుంది. దాన్ని నిఘంటువుతో గెలవలేం. పాత ఔట్‌లుక్‌లో ఆ పేరా సెలెక్ట్ చేసి, రివ్యూ ట్యాబ్‌లో ప్రూఫింగ్ లాంగ్వేజ్ కిటికీ తెరిచి, స్పెల్లింగ్, గ్రామర్ చూడొద్దు అన్న పెట్టె పెట్టాలి. తెలుగు లిపిలో రాసేటప్పుడు ఆఫీస్ తెలుగు ప్రూఫింగ్ టూల్స్ వేసి ఉంటే తనిఖీ జరుగుతుంది. కానీ "వచ్చేసుంటాడేమోననుకున్నా" లాంటి మాట ఏ జాబితాలో ఉంటుంది? సంధులు, ప్రత్యయాలు కలిసి పుట్టే రూపాలకు అంతు లేదు. అందుకని తెలుగులో ఎర్ర గీతను తీర్పుగా కాక అనుమానంగా తీసుకోవాలి. ఒత్తు పోయిందా, దీర్ఘం పోయిందా అని ఆ పదాన్ని అక్షరాలుగా వినడమే దారి.

చివరి తనిఖీకి పాత ఔట్‌లుక్‌లో రెండు మార్గాలు. ఎఫ్7 నొక్కితే స్పెల్లింగ్ కిటికీ వస్తుంది. ఆల్ట్, సితో మార్చడం, ఆల్ట్, ఎతో నిఘంటువులో కలపడం. సూచనల్లో రెండు ఒకేలా వినిపిస్తే ఎన్‌విడిఏ కీ, ట్యాబ్‌ను రెండుసార్లు నొక్కితే అక్షరాలుగా చెబుతుంది. రెండో మార్గం, రాసే కిటికీలో ఎన్‌విడిఏ కీ, స్పేస్‌తో బ్రౌజ్ మోడ్‌లోకి (అక్షరాల కీలు టైపు చేయకుండా, చోటు నుంచి చోటుకు దూకించే తీరు) వెళ్ళి డబ్ల్యూ నొక్కడం. తప్పు నుంచి తప్పుకు దూకుతుంది. షిఫ్ట్ కలిపితే వెనక్కి. దిద్దడానికి మళ్ళీ బ్రౌజ్ మోడ్ నుంచి బయటికి రావాలి. రెండు మూడు తప్పులున్న చిన్న మెయిల్‌కి ఇది ఎఫ్7 కన్నా మంచిది, ఎందుకంటే చుట్టూ ఉన్న వాక్యంతో కలిపి వినవచ్చు. "ఫ్రమ్" బదులు "ఫార్మ్" పడిన చోటు మాత్రం రెండిటికీ దొరకకపోవచ్చు. అది సే ఆల్‌లో వాక్యం చెడినప్పుడే చెవికి తగులుతుంది. ఆ వినడానికి అడ్డు రాకూడదనే పైన చెప్పిన ప్రొఫైల్.

జాస్ అన్న ఇంకో స్క్రీన్ రీడర్ వాడేవాళ్ళు ఇన్సర్ట్, వితో క్విక్ సెట్టింగ్స్ తెరిచి, వెతికే పెట్టెలో స్పెల్ అని కొడితే సంబంధించిన ఎంపికలు వస్తాయి. మార్పులు ఆ ప్రోగ్రాముకే నిలుస్తాయి. జాస్ కొనాల్సిన సరుకు, ఎన్‌విడిఏ ఉచితం. మెయిల్ స్పెల్లింగ్ ఒక్కదాని కోసమే అయితే ఎన్‌విడిఏ చాలు. ఐఫోన్‌లో ఉండే స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్. దాని రోటర్ (వేలి కదలిక దేని మధ్య తిరగాలో ఎంచుకునే ఏర్పాటు) సెట్టింగుల్లో మిస్‌స్పెల్డ్ వర్డ్స్ పెట్టుకుంటే, వేలు పైకీ కిందికీ జరిపి తప్పు పదాల మధ్య తిరగవచ్చు.