అలవాటు లేని మైనర్ స్కేల్‌లో టెనర్ ఉకులేలే, కేపో: కొన్నేళ్ల వాడకం తర్వాత సమీక్ష

గిటార్‌ను పోలిన నాలుగు తీగల చిన్న వాద్యం ఉకులేలే నేర్చుకున్న ఔత్సాహికులలో చాలామంది ఎ మైనర్, డి మైనర్ స్కేళ్ల (విషాద ఛాయ గల పాశ్చాత్య స్వరక్రమాల) పాటలను ఇష్టంగా వాయిస్తారు గానీ, గాయకులు అదే పాటను సి మైనర్‌లో ఎత్తుకోగానే వెనుకాడుతారు. నేను కొన్నేళ్లుగా ఒకే టెనర్ (కాస్త పెద్ద పరిమాణపు) ఉకులేలేను, దానితోపాటు తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే ఒక చిన్న కేపోను ఎక్కువగా ఇలాంటి పాటల కోసమే వాడుతున్నాను. ఈ వాద్యం కొత్త మైనర్ స్కేళ్లకు ఎంతవరకు లొంగుతుంది, కేపో ఎక్కడ అక్కరకు వస్తుంది, ఎక్కడ దాన్ని తీసి పక్కన పెట్టడం మేలు అన్న విషయాలపై నాకు ఏర్పడిన అభిప్రాయాలను ఇక్కడ రాస్తున్నాను.

ఉకులేలేను సాధారణంగా జి, సి, ఇ, ఎ స్వరాలకు శ్రుతి చేస్తాం. ఈ నాలుగూ ఎ మైనర్ స్కేల్‌లో ఉన్న స్వరాలే. డి మైనర్‌లోనూ, ఇ మైనర్‌లోనూ ఉన్నవే. అందువల్ల ఆ పాటల్లో వేలు సరిగా పడక ఏ తీగైనా ఖాళీగా మోగినా అది పరాయి స్వరంగా వినిపించదు. సి మైనర్‌లో బి, ఇ, ఎ మూడూ ఫ్లాట్ అవుతాయి, అంటే అర స్వరం తగ్గుతాయి కాబట్టి ఓపెన్ (నొక్కకుండా మోగే) తీగలలో జి, సి మాత్రమే స్కేల్‌కు చెందుతాయి. ఇ, ఎ తీగలను ప్రతి కార్డులోనూ (కలిపి మోగించే స్వరాల గుంపులోనూ) నొక్కి తీరాలి. ఇ తీగ మీద వేలు పట్టు తప్పితే కార్డులోని ఇ ఫ్లాట్‌తో మామూలు ఇ ఢీకొని, మైనర్ రంగు అక్కడికక్కడే చెడిపోతుంది. కొత్త మైనర్ స్కేల్ ఎదురైనప్పుడల్లా నేను ముందుగా చూసేది ఓపెన్ తీగలలో ఎన్ని ఆ స్కేల్‌లో ఉన్నాయన్నదే. జి మైనర్‌లో ఇ తప్ప మిగిలిన మూడూ, బి మైనర్‌లో సి తప్ప మిగిలిన మూడూ ఉన్నాయి; ఎఫ్ షార్ప్ (అర స్వరం పెరిగిన ఎఫ్) మైనర్‌లో ఇ, ఎ రెండే ఉన్నాయి; బి ఫ్లాట్ మైనర్‌లో సి ఒక్కటే ఉంది; ఇ ఫ్లాట్ మైనర్‌లో ఒక్కటీ లేదు. నా చేతికి తెలిసిన కష్టం కూడా దాదాపు ఈ వరుసలోనే పెరుగుతూ వచ్చింది.

కేపోను మూడో ఫ్రెట్ (మెడ మీది అడ్డపట్టీ) దగ్గర బిగిస్తే, తెలిసిన ఎ మైనర్, డి మైనర్, ఇ సెవెన్ కార్డుల ఆకారాలే (వేళ్ల అమరికలే) సి మైనర్, ఎఫ్ మైనర్, జి సెవెన్‌గా పలుకుతాయి. పాడుతూ వాయించేవారికి ఇది నిజంగా గొప్ప వెసులుబాటు, ఎందుకంటే మనసంతా సాహిత్యం మీద ఉంచి చేతిని దాని దారిన వదిలేయవచ్చు. అయితే టెనర్ తీగ పొడవు సుమారు 17 అంగుళాలు. మూడో ఫ్రెట్ దగ్గర కేపో పెడితే మోగే భాగం 14 అంగుళాల పైచిలుకే మిగులుతుంది, అంటే టెనర్ కంటే చిన్నదైన కాన్సర్ట్ ఉకులేలే కంటే కూడా పొట్టి. టెనర్‌ను కోరి తెచ్చుకున్న నిండైన నాదంలో కొంత అక్కడ పోతుంది. గిటార్ కోసం చేసిన బరువైన కేపో ఈ సన్నని మెడకు తగదు. ఉకులేలే కోసం చేసిన తేలికైనదే కావాలి. అది కూడా బిగించినప్పుడల్లా తీగలను కొంచెం పైకి లాగుతుంది కాబట్టి శ్రుతి మళ్లీ చూసుకోవాలి.

కేపో లేకుండా సి మైనర్‌ను వాయించినప్పుడు దొరికే అందం మరొకటి ఉంది, నేను ఈ సమీక్ష రాయడానికి ముఖ్య కారణం అదే. జి సెవెన్‌ను 0-2-1-2గా (జి, సి, ఇ, ఎ తీగలను వరుసగా ఏ ఫ్రెట్ దగ్గర నొక్కాలో చెప్పే అంకెలివి; 0 అంటే నొక్కకుండా వదలడం) పట్టి, అక్కడి నుంచి సి మైనర్‌కు 0-3-3-3గా మారినప్పుడు, ఎ తీగ మీద బి స్వరం ఒక్క ఫ్రెట్ పైకి జరిగి సి అవుతుంది. అదే క్షణంలో సి తీగ మీద డి స్వరం ఒక్క ఫ్రెట్ జరిగి ఇ ఫ్లాట్ అవుతుంది. జి తీగ మాత్రం కదలకుండా మోగుతూనే ఉంటుంది. కీరవాణి రాగం తెలిసినవారికి, షడ్జానికి అర స్వరం కింద ఉండే కాకలి నిషాదం నుంచి షడ్జం మీదికి చేరడంలోని ఊరట ఎలాంటిదో తెలుసు. ఈ కార్డుల మార్పులో ఆ ఊరట ఎ తీగ మీదే స్పష్టంగా వినిపిస్తుంది. కేపో పెట్టి ఎ మైనర్ ఆకారాలతో వాయిస్తే ఇదే బి స్వరం జి తీగకు మారిపోతుంది, ఎ తీగ డి నుంచి సికి దిగుతుంది. రెండూ సరైనవే, కానీ నాకు మొదటిదే ఎక్కువ ఇష్టం. పాట నఠభైరవి రాగం తరహాలో, కాకలి కంటే అర స్వరం తక్కువైన కైశికి నిషాదంతో నడిస్తే జి సెవెన్‌కు బదులు బి ఫ్లాట్ కార్డు, అంటే 3-2-1-1, వస్తుంది.

సి మైనర్‌ను మూడో ఫ్రెట్ మీద బార్ వేసి (ఒకే వేలిని తీగలన్నిటి మీద అడ్డంగా నొక్కి) 5-3-3-3గా పట్టడం ఇంకా ఎక్కువ ఉపయోగపడింది. ఆ పట్టులోనే మధ్యవేలిని ఇ తీగ నాలుగో ఫ్రెట్ మీద ఉంచితే ఎ ఫ్లాట్ కార్డు వచ్చేస్తుంది, వేలు తీస్తే మళ్లీ సి మైనర్. చాలామంది భయపడే ఎ ఫ్లాట్ ఈ విధంగా ఒక్క వేలి పని అవుతుంది. బార్ పట్టులో ఓపెన్ తీగ ఉండదు కాబట్టి దాన్ని పైకి కిందికి జరిపి ఏ మైనర్ కార్డునైనా పొందవచ్చు.

ఇదంతా సుఖంగా సాగాలంటే నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) ఎత్తు సరిగ్గా ఉండాలి. ఎఫ్ మైనర్ 1-0-1-3, ఇ ఫ్లాట్ 0-3-3-1, బి ఫ్లాట్ మైనర్ 3-1-1-1 అన్నీ మొదటి ఫ్రెట్ మీద ఆధారపడతాయి. నట్‌లో తీగలు కూర్చునే గాడులు లోతు తక్కువైతే అక్కడ నొక్కడానికి బలం ఎక్కువ కావాలి, పైగా స్వరం పైకి జారుతుంది. నా వాద్యం నట్‌ను పని తెలిసినవారి చేత సరిచేయించిన తర్వాత బార్ కార్డుల విషయంలో కలిగిన మార్పు, తీగలు మార్చినప్పుడు కలిగిన మార్పు కంటే చాలా పెద్దది. ఫ్లాట్‌లున్న స్కేళ్లు తమ చేతికి రావని నిరుత్సాహపడేవారు ముందు దీన్ని పరీక్షించుకోవాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

జి తీగను ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దించే లో-జి అమరికను కూడా చాలాకాలం వాడాను. సి మైనర్‌కు, జి సెవెన్‌కు అది గంభీరమైన అడుగు స్వరాన్ని ఇస్తుంది. ఎఫ్ మైనర్‌లో మాత్రం ఎ ఫ్లాట్ అడుగున పడడంతో కార్డు కొంత నిలకడ తప్పినట్లు వినిపిస్తుంది. చుట్టు తీగ (సన్నని లోహపు తీగ చుట్టినది) వేస్తే వేళ్లు జారినప్పుడు కీచుమనే చప్పుడు వస్తుంది కాబట్టి నేను చుట్టు లేని తీగకే మొగ్గు చూపుతాను.

సి మైనర్, జి మైనర్, ఎఫ్ మైనర్ పాటలను కేపో లేకుండానే సాధన చేయమని నా సలహా. ట్రంపెట్, శాక్సోఫోన్ వంటి వాద్యాలతో కలిసి వాయించేటప్పుడు ఫ్లాట్‌లున్న స్కేళ్లే తరచుగా వస్తాయి, అక్కడ కార్డు పేరు వినగానే చేయి కదలాలి. ఇ ఫ్లాట్ మైనర్‌కు మాత్రం నేను సందేహించకుండా కేపోను మొదటి ఫ్రెట్ మీద పెడతాను. అప్పుడు డి మైనర్, జి మైనర్, ఎ సెవెన్ ఆకారాలతో పాట మొత్తం నడుస్తుంది, నాలుగు ఓపెన్ తీగలూ స్కేల్‌లోకి వస్తాయి, పొడవులో పోయేది ఒక్క అంగుళం లోపే.