మెటల్ గేర్ సాలిడ్ సిరీస్‌ను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? ‘మాస్టర్ కలెక్షన్ వాల్యూమ్ 1’ సమీక్ష

మెటల్ గేర్ ఆటల గురించి విని, తామూ ఆడదామనుకునే కొత్తవారికి మొదట ఎదురయ్యే చిక్కు ఆట కష్టంగా ఉండటం కాదు, ఏ ఆటతో మొదలుపెట్టాలో తేలకపోవడం. 1987లో జపాన్ సంస్థ కొనామీ విడుదల చేసిన మొదటి ఆట నుంచి 2015 నాటి ‘ది ఫాంటమ్ పెయిన్’ వరకు దర్శకుడు హిడియో కొజిమా నడిపించిన ఈ కథకు విడుదల వరుస ఒకటి, కథాకాలపు వరుస మరొకటి. 1998లో వచ్చిన ‘మెటల్ గేర్ సాలిడ్’ కథ 2005లో జరిగితే, 2004లో వచ్చిన మూడో సాలిడ్ కథ 1964 నాటి సోవియట్ అడవుల్లో జరుగుతుంది. అందువల్ల కాలక్రమం ప్రకారం మూడో ఆటతో మొదలుపెట్టమని చాలామంది సలహా ఇస్తారు. ఆ సలహా కొత్త ఆటగాడికి మేలు చేయదని నా గట్టి అభిప్రాయం. ఈ ఆటలను వచ్చిన వరుసలోనే ఆడాలి. అలా ఆడటానికి తగిన దారి 2023 అక్టోబర్‌లో ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, స్విచ్, పీసీలలో విడుదలైన ‘మాస్టర్ కలెక్షన్ వాల్యూమ్ 1’.

ఈ సంకలనంలో 1987, 1990 నాటి ఎంఎస్ఎక్స్2 ఆటలు రెండూ, 1998, 2001, 2004 నాటి సాలిడ్ ఆటలు మూడూ ప్రధానమైనవి. ఎంఎస్ఎక్స్2 కంప్యూటర్ తెరపై ఒకేసారి ఎక్కువమంది శత్రువులనూ తూటాలనూ చూపించలేకపోయేది. యుద్ధపు ఆట తయారుచేయమన్నప్పుడు కొజిమా ఆ పరిమితినే ఆధారం చేసుకొని, పోరాడటానికి బదులు కంటపడకుండా సాగిపోవడమే ఆటగా మలిచారు. చరిత్రపై ఆసక్తి ఉన్నవారు ఆ రెండింటినీ తప్పక చూడాలి గానీ, కొత్తవారు వాటిని తర్వాతకు వాయిదా వేసుకున్నా నష్టం లేదు. వాటి కథాసారాంశం 1998 ఆట మెనూలోనే ‘ప్రీవియస్ ఆపరేషన్స్’ పేరుతో ఉంది. అది ఒకసారి చదివి ముందుకు వెళ్లవచ్చు.

అసలు ప్రవేశద్వారం 1998 నాటి ‘మెటల్ గేర్ సాలిడ్’. అలాస్కా దగ్గరి షాడో మోసెస్ దీవిలోని అణ్వాయుధ కేంద్రాన్ని తిరుగుబాటు దళం ఆక్రమించుకుంటుంది. కథానాయకుడు స్నేక్ ఒంటరిగా, దాదాపు నిరాయుధంగా నీటి మార్గాన లోపలికి చేరతాడు. మొదటి గదిలో కొద్దిమంది కాపలాదారులు, నీటి గుంటలు, కొన్ని పెట్టెలు, పైనుంచి నెమ్మదిగా దిగివచ్చే లిఫ్ట్ తప్ప మరేమీ ఉండవు. ఆ లిఫ్ట్ వచ్చేదాకా ఎవరి కంటా పడకుండా ఉండటంలోనే ఈ సిరీస్ నేర్పదలచిన మొదటి పాఠం పూర్తవుతుంది. నీటిలో అడుగు వేస్తే చప్పుడవుతుంది. గోడను తడితే కాపలాదారు అటు చూడటానికి వస్తాడు. బయట మంచులోకి రాగానే మన అడుగుజాడలు నిలిచిపోతాయి, వాటిని గమనించిన సైనికుడు వెంబడిస్తూ మనం దాక్కున్న చోటికే వచ్చేస్తాడు. తెర మూలన ఉండే రాడార్ ప్రతి శత్రువు చూపు ఎటువైపు ఎంత దూరం పోతుందో చూపిస్తుంది గానీ, ఒక్కసారి పట్టుబడితే అది కూడా పనిచేయడం మానేస్తుంది. ఇవన్నీ ఎవరూ వివరించనక్కరలేకుండా చేతులతోనే తెలుసుకుంటాం. పాతికేళ్లు దాటినా ఈ నిర్మాణంలో వాడి తగ్గలేదు.

ఈ ఆట పాతదన్న సంగతి గుర్తుచేసే అంశాలు కూడా ఉన్నాయి. ఆటోసేవ్ లేదు. 140.96 ఫ్రీక్వెన్సీలో మే లింగ్ అనే పాత్రకు కోడెక్ (ఆటలోని రేడియో) ద్వారా ఫోన్ చేసి మనమే సేవ్ చేసుకోవాలి. ఒకచోట మెరిల్ అనే మరో పాత్ర ఫ్రీక్వెన్సీ ఆట డబ్బా వెనుక ఉందని చెబుతారు. సీడీ చేతిలో ఉన్న రోజుల్లో అదొక అద్భుతమైన చమత్కారం. ఇప్పుడు డౌన్‌లోడ్ చేసుకొని ఆడేవారు అక్కడ ఆగిపోకూడదు గనుక చెబుతున్నాను, ఆ సంఖ్య 140.15. సైకో మాంటిస్ అనే ప్రత్యర్థి మన మెమరీ కార్డు చదివి, మన మనసు చదివినట్టు మాట్లాడే ఘట్టంలో కంట్రోలర్‌ను రెండో పోర్టుకు మార్చాల్సి వస్తుంది. ఈ సంకలనంలో ఆ మార్పును మెనూ నుంచి చేసుకునే వీలు కల్పించారు.

వరుస తప్పితే ఏం పోతుందో 2001 నాటి ‘సన్స్ ఆఫ్ లిబర్టీ’లో స్పష్టంగా తెలుస్తుంది. ఆ ఆట 1998 ఆటను ఆడినవారి జ్ఞాపకాన్నే ముడిసరుకుగా తీసుకుంటుంది. షాడో మోసెస్‌లో జరిగిన సంఘటనలు ఇందులో ఎందుకు మళ్లీ మళ్లీ ప్రతిధ్వనిస్తాయో, ఆట తొలి భాగమైన ట్యాంకర్ అధ్యాయం ముగిశాక వచ్చే పెద్ద మార్పు ఎందుకంత కలవరపెడుతుందో, 1998 ఆట ఆడనివారికి తెలిసే అవకాశం లేదు. ఆ మార్పు ఏమిటో ఇక్కడ చెప్పను, మీరు కూడా ముందుగా ఎక్కడా చదవకండి. ఏ సమాచారం నిలవాలో, ఏది చెరిగిపోవాలో ఎవరు నిర్ణయించాలన్న ప్రశ్నను చివరి గంటలో ఆ ఆట లేవనెత్తిన తీరు నేటి సోషల్ మీడియా కాలంలో ఆడితే మరింత లోతుగా తగులుతుంది. ఆటతీరులోనూ ముందడుగు ఉంది. స్నేక్ కళ్లతో చూస్తూ గురిపెట్టవచ్చు, మత్తు తుపాకీతో ఎవరినీ చంపకుండా సాగవచ్చు, స్పృహ తప్పినవాడిని లాకర్‌లో దాచవచ్చు. అయితే ఆ సైనికుడు రేడియోలో సమాధానం ఇవ్వకపోతే వెతకడానికి మరో బృందం వస్తుంది.

2004 నాటి ‘స్నేక్ ఈటర్’ ఆ అలవాట్లన్నిటినీ వెనక్కి తీసుకుంటుంది. ఉక్కు గోడలు, శత్రువు చూపును గీసి చూపించే రాడార్ పోయి, గడ్డి, బురద, చెట్ల నీడలు వస్తాయి. మన వేషం పరిసరాలతో ఎంత కలిసిపోయిందో చెప్పే శాతమే దిక్కు. ఆకలి వేస్తే వేటాడాలి. ఆహారం కాలం గడిస్తే కుళ్లిపోతుంది. ఎముక విరిగితే మనమే కట్టు కట్టుకోవాలి. ది ఎండ్ అనే వృద్ధ స్నైపర్‌తో విశాలమైన అడవిలో జరిగే పోరు, ఒకరినొకరు వెతుక్కుంటూ చాలాసేపు సాగుతుంది. నా దృష్టిలో ఈ సిరీస్ మొత్తంలో అంతకు మించిన ఘట్టం లేదు. రాడార్‌కు అలవాటుపడిన కన్నుకే ఆ అడవిలో భయం తెలుస్తుంది. కథానాయకుడి గురువైన ది బాస్ పాత్ర విషాదం కూడా, ఆ కథ నుంచి తర్వాత పుట్టబోయే శత్రుత్వం తెలిసినవారికే పూర్తి బరువుతో చేరుతుంది.

సంకలనంగా చూస్తే దీనిలో లోపాలు ఉన్నాయి. రెండో, మూడో సాలిడ్ ఆటలు 2011 నాటి హెచ్‌డీ కలెక్షన్ ఆధారంగా తెచ్చినవే. విడుదల నాటికి వాటి చిత్రస్పష్టత 720పి దగ్గరే ఆగింది, ఇంత పేరున్న ఆటలకు అది న్యాయం కాదు. ప్లేస్టేషన్ 2 కంట్రోలర్‌లో వేలి ఒత్తిడిని బట్టి పనిచేసే బటన్లు ఉండేవి, నేటి కంట్రోలర్లలో లేవు. అందువల్ల కాల్చకుండా తుపాకీ దించడం వంటి చిన్న పనులకు కొత్త పద్ధతి నేర్చుకోవాలి. సంభాషణలు చాలా ఎక్కువ, తెలుగు సబ్‌టైటిళ్లు లేవు. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు పెట్టుకొని, కోడెక్ సంభాషణలను దాటవేయకుండా ఆడమని నా సూచన, ఎందుకంటే ఆట సూచనలు చాలావరకు వాటిలోనే ఉంటాయి.

పాత గ్రాఫిక్స్‌ను ఏమాత్రం భరించలేనివారికి 2025 ఆగస్టులో వచ్చిన ‘డెల్టా: స్నేక్ ఈటర్’ ఉంది. అది మూడో సాలిడ్ ఆటకే అన్‌రియల్ ఇంజిన్ 5 అనే ఆటల తయారీ సాఫ్ట్‌వేర్‌తో చేసిన పునర్నిర్మాణం. పాత గొంతులనే ఉంచి, కెమెరానూ నియంత్రణలనూ నేటి పద్ధతికి మార్చుకునే వీలు ఇచ్చారు. కథాపరంగా అన్నిటికన్నా ముందుది కాబట్టి అర్థం కాకపోవడమంటూ ఉండదు. ‘ది ఫాంటమ్ పెయిన్’తో మాత్రం మొదలుపెట్టవద్దు. తలకు గురిపెట్టి కాల్చడం ఎక్కువైతే హెల్మెట్లు ధరించి, రాత్రి దాడులు ఎక్కువైతే చీకట్లో చూపునిచ్చే కళ్లద్దాలు పెట్టుకొని మనల్ని బట్టి మారే సైనికులతో, ఆటతీరులో అది సిరీస్‌కే శిఖరం. అంతటి స్వేచ్ఛకు అలవాటుపడ్డాక 1998 ఆటకు వెనక్కి వస్తే చేతులు కట్టేసినట్టు ఉంటుంది, కథ కూడా సగమే అందుతుంది. ఈ సంకలనంలోని మూడు సాలిడ్ ఆటలు పూర్తిచేశాక, ఇందులో లేని 2008 నాటి ‘గన్స్ ఆఫ్ ది పేట్రియాట్స్’నూ, 2010 నాటి ‘పీస్ వాకర్’నూ వెతికి ఆడి, ఆ తర్వాతే 2014 నాటి ‘గ్రౌండ్ జీరోస్’ మీదుగా ‘ది ఫాంటమ్ పెయిన్’ దగ్గరికి వెళ్లండి.