మా ఊసరవెల్లి కోసం కొన్న కిచెన్ కాటా: మూడేళ్ల వాడకం తర్వాత

5 కిలోల దాకా తూచే మామూలు డిజిటల్ కిచెన్ కాటా ఇది. ఒక్క గ్రాము తేడా వచ్చినా చూపిస్తుంది. తిరుపతిలో మా ఇంట్లో దీని మీద పిండి తూచరు, మా ఊసరవెల్లి రంగడిని తూస్తారు. మూడేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున, నీళ్లు చల్లకముందే, మేత పెట్టకముందే. పక్కింటి అవ్వ ఇప్పటికీ అడుగుతూనే ఉంది: "తొండ ముదిరితే ఊసరవెల్లి అంటారు. ఊసరవెల్లి ముదిరితే ఏమవుతుంది నాయనా?"

అసలు సంగతికి ముందు ఒక మాట. శేషాచలం అడవిలో తిరిగే మన ఊసరవెల్లి వన్యప్రాణి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టి పెంచడం నేరం. రంగడు యెమెన్, సౌదీ అరేబియా వైపు పుట్టే వెయిల్డ్ జాతి. కాగితాలు చూసి కొని, కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాం.

ఈ జీవితో చిక్కేమిటంటే జబ్బును బయటపడనివ్వదు. అడవిలో నీరసంగా కనబడితే ఏ గద్దో ఎత్తుకుపోతుంది కదా, అందుకే చివరిదాకా బాగున్నట్టే ఉంటుంది. కళ్లు లోపలికి పోయి, పట్టపగలు కళ్లు మూసుకుని కూర్చుందంటే అప్పటికే చాలా ఆలస్యమైనట్టు. బరువు ఒక్కటే అది దాచలేనిది.

రెండో ఏడాది నా నోట్‌బుక్‌లో వరుసగా నాలుగు ఆదివారాలు ఇలా ఉన్నాయి: 142, 141, 137, 132. ఆ నెలంతా వాడు మేత మానలేదు. రంగు బాగుంది, నాలుక గురి తప్పలేదు. మా ఆవిడ "వాడికేం, రాయిలా ఉన్నాడు" అంది. నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. రెట్ట వేస్తే నాలుగైదు గ్రాములు తగ్గడం మామూలే, కానీ మరుసటి వారానికి మళ్లీ పెరగాలి. ఇక్కడ పెరగడమే లేదు. అప్పుడే వేసిన రెట్టను చిన్న డబ్బాలో పెట్టి పశువుల డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లాను. మైక్రోస్కోపులో నులిపురుగుల గుడ్లు కనిపించాయి. ఆయన అడిగిన మొదటి ప్రశ్న "ఎన్ని గ్రాములు?" మందు మోతాదు బరువును బట్టే మరి. మళ్లీ 140కి రావడానికి రెండు నెలలు పట్టింది.

కాటాలో లోపాలు లేకపోలేదు. రంగడు గాలికి ఊగే ఆకులా ముందుకీ వెనక్కీ ఊగుతూ నడుస్తాడు. దాంతో అంకెలు 136, 141, 139 అని గెంతుతాయి. ఎండిన జామకొమ్మను ఒక డబ్బా మూతకు బిగించి, దాన్ని కాటా మీద పెట్టి సున్నా చేసి, అప్పుడు వాడిని ఎక్కిస్తున్నాను. కొమ్మ దొరికితే గట్టిగా పట్టుకుని కాసేపు కదలడు. ఇంకో తలనొప్పి, వాడు ఎక్కాలా వద్దా అని ఆలోచించేలోపు కాటా దానంతటదే ఆగిపోతుంది. మళ్లీ మొదటినుంచి. దీనికి ముందు బంగారం తూచే చిన్న కాటా కొని డబ్బు దండగ చేశాను. 200 గ్రాములు దాటితే అది తూచదు, కొమ్మతో కలిపితే మావాడు దాటేస్తాడు.

అసలు లోపం వేరే ఉంది. మొదటి ఏడాది ఇదే కాటా నన్ను మోసం చేసింది. పిల్ల కదా, వారం వారం బరువు పెరుగుతూనే ఉన్నాడు, నేను సంబరపడుతూనే ఉన్నాను. ఒకరోజు కొమ్మ మారుతూ పట్టు జారాడు. దగ్గరికి తీసుకుని చూస్తే ముంజేయి విల్లులా వంగి ఉంది. ఎముకలు మెత్తబడ్డాయి. గూడు కిటికీ పక్కనే పెట్టాను, ఎండ బాగా పడుతోందిలే అనుకున్నాను. ఎముకలు గట్టిపడటానికి ఎండలోని యూవీబీ (ఒక రకం అతినీలలోహిత కిరణాలు) కావాలని, కిటికీ అద్దం దాన్ని ఆపేస్తుందని అప్పటికి తెలియదు. ఇప్పుడు యూవీబీ ట్యూబ్ లైటు ఉంది. వెలుగు తగ్గకపోయినా లోపల యూవీబీ తగ్గిపోతుంది కాబట్టి ఏడాదికోసారి మారుస్తాను. మేతగా వేసే పురుగులకు కాల్షియం పొడి అద్దుతాను, బొద్దింకలకు మునగాకు మేపుతాను. పలమనేరు వైపు నుంచి స్నేహితుడు పట్టుపురుగులు తెస్తాడు. సున్నం, మందుపొడి చల్లిన షెడ్డువి మాత్రం వద్దని చెప్పి ఉంచాను. ఎముకలు గట్టిపడ్డాయి గానీ ఆ చెయ్యి వంకర అలాగే ఉండిపోయింది.

నీళ్ల సంగతి కూడా కాటాతో తేలదు. మే నెలలో మా ఊరి ఎండకు రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం నారింజ రంగుకు తిరిగిందంటే వాడికి నీళ్లు చాలడం లేదని అర్థం. గిన్నెలో పోస్తే తాగడు, ఆకుల మీద చుక్కలు నిలవాలి. ఇక ఎండలో లేకుండానే నోరు తెరిచి, తల పైకెత్తి, ఊపిరికి టిక్ టిక్ మని చప్పుడు చేస్తుంటే అది ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు. అప్పుడు ఆదివారం దాకా ఆగకూడదు.

మూడేళ్లలో బ్యాటరీలు రెండుసార్లు మార్చాను, అంతే ఖర్చు. ఐదుకు నాలుగు మార్కులు. కొనేవాళ్లు రెండు కొనండి. ఊసరవెల్లి ఎక్కిన కాటా మీద మైసూర్‌పాకుకు శనగపిండి తూచనని మా ఆవిడ మొదటి రోజే తేల్చి చెప్పింది.