మూడు గంటల సంగతులు: ఎర్ర పెట్టెలో ‘ఫెలోషిప్’ సంగీతం

మొన్న సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చిన మా మేనల్లుడు ఎప్పుడూ తెచ్చే చాక్లెట్లు, మోకాళ్ల నొప్పుల పైపూతతో పాటు ఎర్రటి పెట్టె ఒకటి నా చేతిలో పెట్టాడు. చూడ్డానికి తోలు అట్ట వేసిన పాత పుస్తకంలా ఉంది. వెనకాల ధర స్టిక్కర్ ఉన్న చోట గోటితో గీకిన గుర్తు. “ఎంతరా?” అంటే “ముందు విను మావయ్యా, తర్వాత చెప్తాను” అన్నాడు. ఇంకా చెప్పలేదు. కాబట్టి పెట్టిన డబ్బుకి తగ్గ సరుకా కాదా అన్న లెక్క నేను తేల్చలేను. మిగతావన్నీ చెప్తాను.

పెట్టెలో ఉన్నది ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్: ది ఫెలోషిప్ ఆఫ్ ది రింగ్’ సినిమా నేపథ్య సంగీతం మొత్తం. ‘కంప్లీట్ రికార్డింగ్స్’ అని పేరు. 2001లో సినిమాతో పాటు వచ్చిన సీడీలో గంటా పది నిమిషాల సంగీతమే ఉండేది. 2005లో మూడు గంటలదీ బయటపెట్టారు. నా దగ్గరున్నది 2018లో మళ్లీ వేసినది: మూడు సీడీలు, ఒక బ్లూరే ఆడియో డిస్క్, డగ్ ఆడమ్స్ అనే ఆయన రాసిన చిన్న పుస్తకం. బ్లూరే సంగతి ఇక్కడితో వదిలేద్దాం. దాన్ని తిప్పే యంత్రం మా ఇంట్లోనే కాదు, మా వీధి మొత్తంలో ఎవరి దగ్గరా లేదు. సీడీలు కూడా పాత ప్లేయర్ మూతకి రబ్బరు బ్యాండు వేసి విన్నవే.

నా గురించి ఒక్క ముక్క. విజయనగరం సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకున్నాను. కచేరీల్లో నిలదొక్కుకోలేక కరెంటాఫీసులో గుమాస్తాగా చేరి రిటైరయ్యాను. మా ఆవిడ ఇంట్లో పిల్లలకి గాత్రం చెప్తుంది. ఇంగ్లీషు సంగీతం మా ఇంట్లో వినిపించడం అరుదు. సినిమా కూడా టీవీలో ప్రకటనల మధ్య ముక్కలు ముక్కలుగా చూసిందే. కత్తుల మోత, గుర్రాల డెక్కలు తప్ప అప్పుడు సంగీతం చెవికెక్కలేదు.

మొదటి రోజు సాయంత్రం హాబిట్ల (కథలోని పొట్టి జనం) ఊరి సంగీతం వస్తోంది. ఈల లాంటి సన్నటి పిల్లనగ్రోవి, ఫిడేలు. వంటింట్లో కాకరకాయలు తరుగుతున్న మా ఆవిడ అక్కణ్ణుంచే “స రి గ, ప గ రి స” అని అందుకుంది. తర్వాత చేతిలో కాకరకాయ ముక్కతోనే గుమ్మం దగ్గరికి వచ్చి “ఏవండీ, ఇది మోహన రాగం కాదూ?” అంది. మొదలు మోహనమే. నాలుగడుగులు వేశాక మోహనంలో లేని నిషాదం తగిలింది, మధ్యమం తగిలింది, శంకరాభరణంలోకి జారింది. “ఆ, చెడగొట్టాడు” అని వెళ్లిపోయింది. నాకు మాత్రం అక్కడే ఆసక్తి పుట్టింది. మోహనం మనకి గొల్లపిల్లాడి పాటకీ సరిపోతుంది, పెళ్లిలో సన్నాయికీ సరిపోతుంది. ఎక్కడో కెనడాలో పుట్టిన హోవర్డ్ షోర్ కూడా పచ్చటి పల్లెటూరు అనగానే ఆ మెట్లే ఎక్కాడు. ఆయన అంతకుముందు ఎక్కువగా పేరు తెచ్చుకున్నది భయపెట్టే సినిమాల సంగీతంతోనట. ఈ పల్లె పాట వింటే నమ్మబుద్ధి కాదు.

రెండో రోజు ఇంకో రాగం దొరికింది. సినిమా తెర మీద ఏ బొమ్మా పడకముందే చీకట్లో ఆడగొంతులు లేస్తాయి. తర్వాత లోత్‌లోరియన్ అనే దేవతల అడవి దగ్గర అవే స్వరాలు మళ్లీ వస్తాయి. శుద్ధ రిషభం నుంచి అంతర గాంధారానికి ఆ దూకుడు మాయామాళవగౌళతో పాఠం మొదలుపెట్టిన ఎవరి చెవికైనా పట్టేస్తుంది. నిషాదం మాత్రం కైశికి. అంటే వకుళాభరణ రాగం. మా ఆవిడ ఈసారి ఒప్పుకుంది. తర్వాత పుస్తకం తిరగేస్తే అరబ్బుల హిజాజ్ మఖామ్ (మన రాగం లాంటిదే) ఆధారమని రాసుంది. స్వరాలు పోల్చి చూస్తే మన మూలరాగాల్లో పద్నాలుగోది, అదే వకుళాభరణం. వాద్యాల పేర్లలో సారంగి కూడా కనిపించింది. చూడగానే దూరపు చుట్టం ఎదురైనట్టయింది.

ఇక అసలు సంగతి. నిజంగా సంగతే. మన కృతిలో పల్లవి ఒకసారి పాడి వదిలెయ్యరు. ఒక్కో సంగతి వేస్తూ, అదే సాహిత్యాన్ని పెంచుకుంటూ పోతారు. షోర్ మూడు గంటలూ చేసింది అదే. పాడు ఉంగరాన్ని నాశనం చెయ్యడానికి తొమ్మిది మంది కలిసి నడిచే ప్రయాణానికి ఒక వరస ఉంది. ఫ్రోడో, శామ్ అనే హాబిట్లు ఇల్లు వదిలి పొలం గట్టు దాటేటప్పుడు అది ముక్కలుగా, భయం భయంగా వినిపిస్తుంది. ఇద్దరే కదా ఉన్నారు. మనుషులు చేరేకొద్దీ వరస నిండుతూ వస్తుంది. రివెండెల్ అనే చోట తొమ్మండుగురూ కుదిరేటప్పటికి గంటన్నర అవుతుంది. అప్పుడుగాని బూరాలన్నీ కలిసి దాన్ని పూర్తిగా పలకవు. టీవీలో చూసినప్పుడు ఇది చెవినే పడలేదు. ఇప్పుడు గంటన్నర ఎదురుచూశాక వింటే రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఊరించడం తెలిసిన చెయ్యి. ఆ ఊరింపు గంటా పది నిమిషాల సీడీలో పూర్తిగా అందదు. ఈ పెద్ద పెట్టె ఉన్నందుకు ఫలితం అదే.

ఇలాంటి వరసలు పుస్తకంలో పేజీల కొద్దీ ఉన్నాయి. ఉంగరానికొకటి, దాని కోసం వెంటాడే నల్లరౌతులకొకటి, మరుగుజ్జులకొకటి. అన్నీ పట్టుకోవాలని కూర్చుంటే పరీక్షకి చదివినట్టు ఉంటుంది. నేను మూడు పట్టుకుని తృప్తిపడ్డాను. ఉంగరం చేతులు మారినప్పుడల్లా వచ్చే వయొలిన్ల దిగులు ఒకటి, నడక వరస ఒకటి, మూడోది అయిదు దెబ్బలది.

ఆ అయిదు దెబ్బల గురించి చెప్పకపోతే నా డిప్లొమాకి అవమానం. సారుమాన్ అనే దుష్ట మాంత్రికుడు అడవి నరికించి, భూమిలో కొలుములు పెట్టి సైన్యాన్ని తయారుచేసే చోట తాళం అయిదక్షరాలు. ముందు నాకు తెలియలేదు. కుర్చీ చేతి మీద వేళ్లు వాటంతట అవే ‘తక తకిట, తక తకిట’ అంటున్నాయి. చూసుకుంటే ఖండం! మన దగ్గర ఖండచాపు అంటే వయ్యారం, కాస్త తూగుతూ నడుస్తుంది. ఇక్కడ అదే అయిదుని ఇనుప రేకుల మీద, దాగలి మీద, పియానో తీగల మీద గొలుసులతో కొట్టించారు. తూగు పోయి యంత్రం మిగిలింది. మామూలు నాలుగు దెబ్బల్లో అయితే ఊపిరి తీసుకునే చోటు తెలుస్తుంది. ఇది మనిషి అడుగుకి కుదరదు, ఎక్కడా ఆగదు. లెక్క ఒకటే అయినా కొట్టే వస్తువుని బట్టి గుణం ఇంతగా మారుతుందని ముప్పై ఏళ్ల కిందట మా మాస్టారు చెప్తే తల ఊపానే గాని, తెలిసింది ఇప్పుడు.

వాయించింది ఎక్కువగా లండన్ ఫిల్హార్మోనిక్ వాళ్లు. మోరియా గనుల భాగంలో కొంత న్యూజిలాండ్ సింఫనీ వాళ్లు వెల్లింగ్టన్ టౌన్‌హాల్లో వాయించారు. అక్కడ మగగొంతుల బృందంలో మావోరీలు, సమోవన్లు ఉన్నారు. ఆ గొంతులు గుండెలోంచి కాదు, పొట్టలోంచి వస్తాయి. మన దగ్గర పెద్ద బండరాయిని మోకుతో లాగేవాళ్లు ‘ఐలెస్సా’ అంటే ఎలా ఉంటుందో అలా. పాడే భాష మరుగుజ్జులది, అంటే టోల్కీన్ కల్పించినది. అర్థం తెలియనక్కర్లేదు. తెలియకపోవడమే మంచిదేమో కూడా.

లోపాలు ఉన్నాయి. మొదటిది, శబ్దం హెచ్చుతగ్గులు. పల్లెటూరి భాగం మరీ నెమ్మదిగా ఉందని వాల్యూం పెంచానా, నల్లరౌతుల కోరస్ ఒక్కసారిగా విరుచుకుపడింది. పక్క గదిలో గీతాలు పాడుతున్న పిల్లల్లో ఒకడు పుస్తకం కింద పడేశాడు. మా ఆవిడ చూసిన చూపుకి ఆ వారం హెడ్‌ఫోన్లతోనే గడిపాను. చిన్న స్పీకర్లలో వినేవాళ్లకి ఈ బాధ తప్పదు.

రెండోది నాకు బాగా కోపం తెప్పించింది. మోరియాలో సమాధి దగ్గర యుద్ధం దాకా రెండో డిస్క్. వంతెన మీదికి పరుగు మొదలయ్యేసరికి మూడోది. సరిగ్గా ఊపిరి బిగబట్టిన చోట లేచి, రబ్బరు బ్యాండు తీసి, డిస్క్ మార్చి, మళ్లీ బ్యాండు వెయ్యాలి. మూడు గంటల్ని మూడు పళ్లాల్లో సర్దాలంటే ఎక్కడో కొయ్యక తప్పదు, నిజమే. కానీ వాళ్లని నడిపించే ముసలి మాంత్రికుడు గాండాల్ఫ్ పడిపోయాక తాళాలన్నీ ఆగి ఆ రోదన ఒక్కటే మిగిలే చోటికి, మధ్యలో బ్యాండు వెతుక్కుని వచ్చిన చెవితో చేరుకోవడం అన్యాయం.

మూడోది, అంతా మేలిమి కాదు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే కింద పరిచిన తీగల మోత నిమిషాల తరబడి సాగే చోట్లు ఉన్నాయి. సినిమాలో మాటలున్నాయి కాబట్టి చెల్లింది. ఇక్కడ మాటలు లేవు. రెండో డిస్క్‌లో ఒకచోట నేను నిజంగానే కునుకు తీశాను. పుస్తకంలో అక్షరాలు కూడా చీమతలంత ఉన్నాయి. నాబోటివాడికి భూతద్దం కావాలి.

మన బాహుబలి ముందు ఇదెంత అని మా మేనల్లుడి స్నేహితుడు ఫోన్లో వాదించాడు. పోటీ ఎందుకో నాకర్థం కాలేదు. 2019 అక్టోబరులో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో ‘బాహుబలి: ది బిగినింగ్’ తెర మీద నడుస్తుంటే కీరవాణి సంగీతాన్ని వాద్యబృందం అక్కడే వాయించింది. ఆ బృందాన్ని నడిపించిన లుడ్విగ్ విక్కీయే 2008లో స్విట్జర్లాండ్‌లోని లూసర్న్‌లో ఈ ఫెలోషిప్ సంగీతాన్ని అదే పద్ధతిలో వాయింపజేశాడు. రెండు సంగీతాల కాగితాలూ ముందు పెట్టుకుని చెయ్యి ఊపిన మనిషే కొట్టుకోలేదు, మనకెందుకు?

సినిమా నచ్చి, పాటలా అప్పుడప్పుడు వేసుకోవాలనుకునేవాళ్లకి పాత ఒక్క సీడీ చాలు, ఆస్కార్ వచ్చిన సంగీతపు మంచి ముక్కలన్నీ అందులో ఉన్నాయి. సంగీతం నేర్చుకున్నవాళ్లు, నేర్పేవాళ్లు, ఒక వరస ఎలా పెరుగుతుందో చూడాలనుకునేవాళ్లు ఈ పెద్దది తీసుకోండి. మూడు గంటలు ఒక్క బిగిన వద్దు, రోజుకో డిస్క్ వినండి. చివరి డిస్క్‌లో ఆ తొమ్మిది మందిలో ఒకడైన బోరోమిర్ చనిపోయాక వచ్చే భాగాన్ని మాత్రం పనులు చేసుకుంటూ వినకండి. ఆ తర్వాత ఒక చిన్న పిల్లాడు మొదటి రోజు విన్న పల్లె పాటనే దేవుడి పాటలా పాడతాడు. నేను రెండుసార్లు కళ్లు తుడుచుకున్నాను. ఒకసారి మా ఆవిడ చూసింది, ఏమీ అనలేదు.

నిన్న రాత్రి మేనల్లుడు ఫోన్ చేశాడు. “రెండో భాగం కూడా ఉంది మావయ్యా, నీలం పెట్టె. పంపనా?”

“పంపు. ఈసారి స్టిక్కర్ గీకకు.”