గ్రీన్‌కార్డు బిల్లు కబురు: గవ్‌ట్రాక్ మేలా, కోర్ట్‌లిసనర్ మేలా?

ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఉన్న 7 శాతం పరిమితిని ఎత్తేసే హెచ్.ఆర్. 1044 బిల్లు 2019 జులై 10న అమెరికా ప్రతినిధుల సభలో 365–65 ఓట్లతో గట్టెక్కింది. 2020 డిసెంబరు 2న సెనేట్ కూడా అదే పని కోసం తెచ్చిన ఎస్. 386ను ఆమోదించింది. రెండుసార్లూ వచ్చిన ‘పాసైంది’ అన్న కబురు నిజమే. చట్టం మాత్రం కాలేదు. సెనేట్ తన బిల్లులో మార్పులు చేసింది. రెండు సభలూ ఒకే పాఠానికి ఒప్పుకునేలోపే, 2021 జనవరిలో ఆ కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) గడువు తీరిపోయింది.

ఇలాంటి చిక్కు విప్పడానికి, అమెరికా బిల్లులు ఎక్కడిదాకా వచ్చాయో చూపే గవ్‌ట్రాక్ సైటు బాగుంటుంది. 2004 నుంచి నడుస్తోంది, కోడ్ అందరికీ తెరిచే ఉంది. బిల్లు నంబరు కొడితే ఏ మెట్టు దగ్గర ఆగిందో, మీ ప్రతినిధి ఎటు ఓటేశారో తెలిసిపోతుంది. అయితే ఎస్. 386కి సెనేట్‌లో ఓటింగే జరగలేదు. ఎవరూ అడ్డు చెప్పకపోవడంతో ఆమోదించేశారు. కాబట్టి అక్కడ పేర్లు వెతికినా దొరకవు. ప్రభుత్వ సైటు కాంగ్రెస్.గవ్‌లోనూ ఇదంతా ఉంటుంది. బిల్లు అసలు పాఠానికి అదే ప్రమాణం, కానీ కొత్తవాళ్లకు గవ్‌ట్రాకే సులువు.

నన్నడిగితే మన వీసా బతుకులు బిల్లుల కన్నా రూల్స్ మీద, కోర్టుల మీద ఎక్కువగా నడుస్తున్నాయి. హెచ్4 ఈఏడీనే చూడండి, అంటే హెచ్1బీ వీసాదారుల్లో కొందరి జీవిత భాగస్వాములకు ఇచ్చే పని అనుమతి. అది బిల్లుతో రాలేదు, 2015లో ప్రభుత్వం తెచ్చిన రూల్‌తో వచ్చింది. దాని మీద ‘సేవ్ జాబ్స్ యూఎస్ఏ’ అనే అమెరికన్ ఐటీ ఉద్యోగుల సంఘం వేసిన కేసు ఏళ్ల తరబడి సాగింది. 2024 ఆగస్టులో డీసీ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు రూల్‌ను నిలబెట్టింది, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు అప్పీలు వినేందుకు ఒప్పుకోలేదు. ఆ ఇళ్లలో ఎంత టెన్షనో! గవ్‌ట్రాక్‌ను ఎంత చూసినా ఈ కథ తెలిసేది కాదు.

ఇక్కడ అక్కరకొచ్చేది కోర్టు కేసుల కాగితాలు చూపే సైటు కోర్ట్‌లిసనర్. లాభాపేక్ష లేని ఫ్రీ లా ప్రాజెక్ట్ నడుపుతోంది, దీని కోడూ ఓపెన్ సోర్సే. ఫెడరల్ కోర్టుల సొంత సైటు పేసర్‌లో చాలా కాగితాలకు పేజీకి 10 సెంట్ల చార్జీ ఉంది. బ్రౌజర్‌లో ‘రీక్యాప్’ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకున్నవాళ్లు పేసర్‌లో ఒక కాగితం కొంటే, దాని కాపీ కోర్ట్‌లిసనర్‌కు చేరి అందరికీ ఉచితంగా దొరుకుతుంది. పేరున్న కేసుల్లో ముఖ్యమైనవి ఇలా దొరికిపోతాయి. ఎవరూ కొనని చిన్న కేసుల్లో డబ్బులు కట్టక తప్పదు.

ఒక్క అలర్టే పెట్టుకునే ఓపిక ఉంటే, మీకు సంబంధించిన కేసు మీద కోర్ట్‌లిసనర్‌లో పెట్టుకోండి. బిల్లు సంగతి ఓటింగ్ రోజున గవ్‌ట్రాక్‌లో చూసుకున్నా సరిపోతుంది. ఒక్కటి గమనించాలి. గ్రీన్‌కార్డు ఆలస్యమైందని ఎవరికి వారు వేసుకునే కేసుల్లో బయటివాళ్లకు ఆన్‌లైన్‌లో డాకెట్ (కేసులో ఏయే కాగితాలు పడ్డాయో చెప్పే జాబితా), కోర్టు ఉత్తర్వులు మాత్రమే కనిపిస్తాయి. మీ కేసులో మిగతా కాగితాలు కావాలంటే మీ లాయర్ని అడగండి.