మంగు మచ్చలకి ఏది మేలు: అతిమధురం ప్యాకా, ఆర్బ్యూటిన్ సీరమా?

రెండో కాన్పు తర్వాత మా వదినకి బుగ్గల మీద మంగు వచ్చింది. ఇక శ్రీకాకుళంలో సలహా ఇవ్వనివాళ్లు లేరు. "అతిమధురం పొడి పాలల్లో కలిపి పట్టించమ్మా, పోతాది" అంది మా అప్ప. ఇంటర్ చదివే మేనకోడలు ఆల్ఫా ఆర్బ్యూటిన్ సీరం ఆర్డర్ పెట్టేసింది.

పేరుకి రెండూ మొక్కలవే. చేసే పనీ ఒకటే: చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారవడానికి కావాల్సిన టైరోసినేజ్ అనే ఎంజైమ్‌కి అడ్డుపడతాయి. చిక్కంతా లోపలికి చేరడంలోనే. అతిమధురం వేరులో ఈ పని చేసేది గ్లాబ్రిడిన్. అది నీళ్లలో దాదాపు కరగదు. పొడిని రోజ్‌వాటర్‌లో కలిపి పూస్తే గరగరలాడుతూ ఆరుతుంది, కడిగితే చాలావరకు పొడితోపాటే సింకులోకి పోతుంది. (మా ఇంట్లో ఆ వేరు దగ్గొస్తే నమలడానికి. అందులో వంక పెట్టను.) గ్లాబ్రిడిన్ కావాలంటే దాని సారం కలిపిన క్రీమ్ కొనుక్కోవడం నయం.

ఆర్బ్యూటిన్‌కి ఆ బాధ లేదు, నీళ్లలో కరుగుతుంది. బేర్‌బెర్రీ ఆకుల్లో, పియర్ పండ్లలో ఉండేది బీటా రకం. సీరం సీసాల్లో వచ్చే ఆల్ఫా రకాన్ని ఎంజైములతో ఫ్యాక్టరీలో చేస్తారు. అంటే "మొక్కది" అని మురిసిపోయేవాళ్లు సగమే కరెక్టు. హైడ్రోక్వినోన్ అని మచ్చలు పలచబరిచే ఘాటు మందు ఒకటుంది, డాక్టరు చెబితేనే వాడాల్సింది. దానికి ఒక గ్లూకోజ్ తగిలిస్తే ఆర్బ్యూటిన్. ఆ గ్లూకోజ్ ఊడితే హైడ్రోక్వినోన్ బయటపడుతుంది. అందుకే యూరప్‌లో ముఖం క్రీముల్లో ఆల్ఫా ఆర్బ్యూటిన్ 2 శాతం, ఒంటికి రాసే లోషన్లలో 0.5 శాతం దాటనివ్వరు. కొనేముందు సీసా మీద ఆ అంకె చూడండి.

ఈ మధ్యలో ఒక మెడికల్ షాపులో చీటీ అడక్కుండానే వదినకి ఒక ట్యూబు ఇచ్చారు. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ (విటమిన్ ఎ రకం మందు), స్టెరాయిడ్ మూడూ అందులోనే. రెండు వారాలు ముఖం వెలిగిపోయింది. మానేసిన నాలుగో రోజుకి ఎర్రబడి మంట. డాక్టరు చూసి, ఇన్నాళ్లే అని చెప్పి రాయాల్సిన మందది. దాన్ని ఈ పోటీలోకే రానివ్వను.

నా ఓటు సీరంకే, అదీ మచ్చ మీద రాయడానికి. పుట్టు రంగు మార్చేస్తుందని ఎవరైనా అమ్మితే కొనకండి. పగలు సన్‌స్క్రీన్ రాయకపోతే మాత్రం ఏ సీసా కొన్నా దండగే, ఎండ తగిలితే మంగు మళ్లీ ముదురుతుంది. వదిన ఇప్పుడు ఆదివారం అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనానికి కూడా గొడుగు వేసుకునే వెళ్తోంది. మూడో నెలకి కుడి బుగ్గ మీద మచ్చ పలచబడింది. ఎడమది ఇంకా అలాగే ఉంది.